ఆదివారం సెలవు ఎవరికి?

కిడ్నీలు చెడినోడు కిడ్నీతోనే చస్తాడనుకుంటాం. కాదు. డయాలసిస్ మీద బతికేవాళ్లను ఎక్కువగా చంపేది గుండె. ఈ సంగతి మన వాడల్లో ఎందరికి తెలుసు? తెలిసినవాళ్లు ఎందుకు చెప్పలేదు?

మంచి కిడ్నీ రాత్రింబవళ్లు పని చేస్తది. మిషను వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలే చేస్తది. మధ్యలో తాగిన నీళ్లు, తిన్న ఉప్పు ఒంట్లోనే నిలుస్తాయి. రక్తంలో పొటాషియం పెరుగుతది. ఆ బరువు లాగి లాగి గుండె మొద్దుబారుతది, ఒక్కోసారి లయ తప్పి ఆగిపోతది. ఆదివారం మిషను బందైతే శుక్రవారం పోయినోడు సోమవారం దాకా, శనివారం పోయినోడు మంగళవారం దాకా ఆగాలె. అమెరికాలో 32 వేలమంది రోగుల లెక్క తీసి 2011లో చెప్పిందేమంటే, ఈ పెద్ద ఎడం ముగిసే రోజునే చావులు ఎక్కువ. మూడుసార్లు పోయేవాళ్ల గతే ఇది. రెండుసార్లతో సరిపెట్టుకునే మనవాళ్ల మాటేమిటి?

ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితమే, కాదనం. కానీ సికింద్రాబాదులో తెల్లారకముందే రోడ్డు ఊడ్చే అమ్మకు, మోండా మార్కెట్లో బస్తాలు మోసే అన్నకు ఒక డయాలసిస్ అంటే ఒక కూలి పోయినట్టే. తోడు పోయినవాళ్ల కూలి వేరే. అందుకే మూడోది మానేస్తారు. మానితే తప్పు రోగిదంటారు! తెలంగాణ ప్రభుత్వం 2022లో డయాలసిస్ రోగులకు నెలకు 2016 రూపాయల పింఛను ఇచ్చింది. ఉద్దానం చావులు రచ్చకెక్కినాక ఆంధ్ర ప్రభుత్వం 2019లో 10 వేలు ప్రకటించింది. గుండెకు రాష్ట్రానికో ధరా?

ఒక మాట మనవాళ్లకు. చూడబోయేవాళ్లు ప్రేమకొద్దీ కొబ్బరినీళ్లు పట్టుకపోతారు. వద్దు, దాంట్లో పొటాషియం ఉంది. ఎడం రోజుల్లో ఊరగాయ ముట్టనియ్యొద్దు. నీళ్లు డాక్టరు చెప్పిన కొలతకే తాగాలె. 1927లో మహద్ చెరువు నీళ్ల కోసం అంబేడ్కర్ వెంట నడిచిన జాతికి నీళ్లు కొలిచి తాగమనడం మాకూ కష్టంగానే ఉంది.

మేము అడిగేది ఇది: ఆదివారం కూడా మిషన్లు నడపాలె. కూలి పోకుండా రాత్రి షిఫ్టు పెట్టాలె. డాక్టరు మూడుసార్లు రాస్తే మూడుసార్లూ అందాలె, పోయిన కూలి సర్కారు కట్టియ్యాలె. ప్రతి వాడలో సంఘం పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టండి. డయాలసిస్‌కు ఎవరు ఏ రోజు పోయిన్రు, ఎవరు మానిన్రు, ఎందుకు మానిన్రు, రాయండి. వచ్చే పక్షం ఆ పుస్తకాలు పట్టుకొనే కలెక్టరు ఆఫీసుకు పోదాం.