ఛాతీ పొర క్యాన్సర్: ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

మదీనాగూడలో పాత ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కడుతున్నచోట, సిమెంటు రేకులను సుత్తితో పగలగొట్టడం మనం చూస్తూనే ఉంటాం. ఆ రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్ సన్నని పోగులుగా గాలిలో కలుస్తుంది. కొద్ది కిలోమీటర్ల దూరంలోని సనత్‌నగర్‌లోనే చార్మినార్ రేకులు దశాబ్దాలపాటు తయారయ్యాయి. చెక్కుచెదరని రేకుల కింద నివసించేవారు భయపడనవసరం లేదు. ప్రమాదమంతా ధూళితోనే. దానిని పీల్చినవారిలో కొందరికి 20 నుంచి 50 ఏళ్ళ తరువాత ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొరకు మీసోథెలియోమా అనే అరుదైన క్యాన్సర్ వస్తుంది.

ఆయాసం, ఛాతీలో నీరు దీని తొలి లక్షణాలు. ఛాతీలో నీరనగానే మన దేశంలో ముందుగా క్షయను అనుమానిస్తారు. మందులు వాడినా నీరు మళ్ళీ మళ్ళీ చేరుతుంటే, పొర ముక్క తీసి పరీక్షించమని కోరాలి. చేసిన పని గురించి డాక్టరుకు తప్పక చెప్పాలి.

వ్యాధి నిర్ధారణ కాగానే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న, “కోసి తీసేయలేరా?” అనే. పెద్ద ఆపరేషన్లు రెండున్నాయి. మొదటిదానిలో పొరతోపాటు ఒకవైపు ఊపిరితిత్తిని పూర్తిగా తీసివేస్తారు. 2011లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో దీనివల్ల మేలు కనబడలేదు, కీడే ఎక్కువని తేలింది. రెండవదానిలో ఊపిరితిత్తిని ఉంచి పొరను మాత్రమే ఒలిచివేస్తారు. దీనిని 335 మందిపై పరిశీలించిన మరో బ్రిటన్ పరిశోధన 2024లో ప్రచురితమైంది. కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో సగం మంది 24.8 నెలలకు పైగా జీవించగా, ఆపరేషన్ కూడా చేయించుకున్నవారిలో ఆ కాలం 19.3 నెలలే. తీవ్రమైన ఇబ్బందులూ వారికే ఎక్కువ కలిగాయి.

పొట్టలోని పొరకు వచ్చే మీసోథెలియోమా విషయం వేరు. అక్కడ గడ్డలను తొలగించి, వేడిచేసిన కీమో మందును పొట్టలోనే ప్రసరింపజేసే ఆపరేషన్ తగిన రోగులకు మేలు చేస్తోంది.

ఆపరేషన్ వద్దన్నంత మాత్రాన రోగిని వదిలేసినట్లు కాదు. కీమోథెరపీ ఉంది, ఇమ్యునోథెరపీ ఉంది. నీరు మళ్ళీ చేరకుండా ఛాతీలోకి టాల్క్ పొడి పంపే చిన్న ప్రక్రియ, ఇంటివద్దే నీరు తీసుకునే గొట్టం ఆయాసాన్ని తగ్గిస్తాయి. నొప్పి నివారణ కూడా వైద్యమే.

వైద్యం చేయించుకోవడం మన ధర్మం. అయితే ఇల్లు అమ్మి, వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్‌కు పరుగెత్తే ముందు రోగితో, కుటుంబ పెద్దలతో మష్వరా చేయాలి. నిమ్స్‌లోనో, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనో రెండవ అభిప్రాయం తీసుకోవాలి. డాక్టరును మూడు ప్రశ్నలు అడగాలి: ఇది ఏ రకం, ఏ దశ? ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరుగుతుందా, ఆయాసం మాత్రమే తగ్గుతుందా? ఆపరేషన్ లేకుంటే ఏమి చేస్తారు?

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్ళు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన ఇళ్ళలో ఆ పని చేసిన పెద్దలుంటే, వారి గుర్తింపు కార్డులు, జీతం చీటీలు జాగ్రత్త చేద్దాం. పరిహారం అడగవలసి వస్తే అవే సాక్ష్యం.