ఆడవాళ్ళ మెదడే అంతనా?

'ఆడవాళ్ళ మెదడే అంత. కాస్త దిగులు పడితే చాలు, అన్నీ మర్చిపోతారు.' ఆదోనిలో ఒక డాక్టరు మా పిన్నికి చెప్పిన మాట ఇది. ఎమ్మిగనూరు పక్క పల్లె ఆమెది. గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయి అప్పుడే తిరిగొచ్చింది. నెలల తరబడి గుడారంలో అరకొర నిద్ర, వంచిన నడుము, ముసలామె దగ్గర వదిలేసిన పిల్లలు. 'ఏమీ గ్యాపకముండదు సార్, మనసంతా బరువు' అంది. ఆయన ఇవేవీ అడగలేదు. స్కానింగుల్లో రుజువైందన్నాడు.

ఏం రుజువైంది? స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి దిగులు పుట్టించే బొమ్మలు చూపిస్తారు. తర్వాత ఏం గుర్తున్నాయో అడుగుతారు. మెదడులో ఒకచోట మార్పు స్త్రీలలో గణాంకాల గీత దాటుతుంది, పురుషుల్లో దాటదు. 'కాబట్టి ఆడ మగ మెదళ్ళు వేరు' అని రాసేస్తారు. తప్పంతా ఆ 'కాబట్టి' దగ్గరే ఉంది.

పరీక్షలో 35 వచ్చినమ్మాయి పాసు, 34 వచ్చినబ్బాయి ఫెయిలు. ఇద్దరి తెలివికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉందంటామా? లెక్కలోనే చూద్దాం. స్త్రీలలో మార్పు 22, పురుషుల్లో 15, ఒక్కోదానిలో పొరపాటు అంచనా 10 అనుకోండి. గీత దాటాలంటే పొరపాటుకు దాదాపు రెట్టింపు ఉండాలి. 22 దాటింది, 15 దాటలేదు. కానీ ఇద్దరి మధ్య తేడా 7 మాత్రమే. ఆ తేడాలో పొరపాటు అంచనా 14! తేడా ఉందనాలంటే ఆ తేడానే నేరుగా పరీక్షించాలి. పరస్పర ప్రభావం అంటే అదే.

ఇది చిన్నాచితకా పత్రికల జబ్బనుకోకండి. 2011లో నీవెన్‌హౌస్, ఆయన సహచరులు అయిదు పేరున్న పత్రికల్లోని 513 నాడీశాస్త్ర వ్యాసాలు పరిశీలించారు. ఈ పొరపాటుకు అవకాశమున్నవి 157. వాటిలో 79 వ్యాసాలు ఆ పొరపాటు చేశాయి. సగానికి పైనే!

స్త్రీ పురుషుల మెదళ్ళలో ఏ తేడా ఉండదని నేననడం లేదు. ఉంటే సరిగ్గా లెక్కగట్టి చూపించమంటున్నాను. చూపించినా అది పుట్టుకతో వచ్చిందో, బతుకు తెచ్చిపెట్టిందో స్కానింగు ఒక్కటే చెప్పలేదు. మెదడు బతుకును కూడా రాసుకుంటుంది కదా!

మా పిన్ని మతిమరుపుకు కారణం కావాలంటే, సుగ్గిలో ఆమె ఎన్ని గంటలు నిద్రపోయిందో, ఏం తిన్నదో, ఎంత అప్పుందో ముందు అడగండి. ఆ తర్వాత మెదడు గురించి మాట్లాడుకుందాం.