విప్పి బాగుచేయు విద్య

విజయనగరమందు మా మిత్రులొకరు ఇటీవల తమ పూర్వుల యింటిని బాగుచేయించుచు అటకమీది ట్రంకుపెట్టెను దింపించిరి. అందు పాతదస్తావేజులతోను, విరిగిన కళ్లజోడుతోను కలసి ఒక సేఫ్టీరేజరు కానవచ్చెను. పిడి నల్లబడియుండెను, తల సబ్బుమడ్డిచే బిగిసి కదలకుండెను. ఇంటనున్న యువకుడు దానిని పాతసామానులు కొనువానికి వేయబోయెను. మిత్రులు వారించి, రెండుదినములు ఓపికపట్టి, దానిని విప్పి, కడిగి, కొత్తబ్లేడు నమర్చి గడ్డము గీచుకొనిరి. తాతగారికి తెగినట్లే తమకును తెగినదని వారు సంతసముతో మాకు చెప్పిరి. ఇంత చిన్నసంగతికి సంపాదకీయమా యని పాఠకమహాశయులు నవ్వవచ్చును. కాని జాతియొక్క స్వావలంబనము చిన్నసంగతులయందే మొదట ఏర్పడును; చిన్నసంగతులయందే మొదట జారిపోవును.

సేఫ్టీరేజరు మనదేశమున పుట్టిన వస్తువు కాదు. మన యూళ్లలో క్షౌరము మంగలిపొదితోను, చేత నూరిన కత్తితోను సాగుచుండెను. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనునతడు పలుచని ఉక్కురేకునకు రెండంచుల పదునుపెట్టించి, దానిని రెండుపలకల నడుమ బిగించు సాధనమును కల్పించి 1904లో పేటెంటు పొందెను. అమ్మకము మొదలైన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మరుసటి సంవత్సరమున రేజర్లే తొంబదివేలు దాటినవి. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా ప్రభుత్వము సైనికుల కిది పంచిపెట్టుటతో దీని వాడుక దేశదేశముల వ్యాపించెను.

ఇచట నొక సత్యమును దాచరాదు. వాడి పారవేయదగిన వస్తువును కల్పించినచో కొనువాడు మరలమరల వచ్చునని జిలెట్‌నకు హితవుచెప్పినవాడు సీసామూతను కనిపెట్టిన విలియం పెయింటరు. కాబట్టి పారవేయు వర్తకమునకు ఈ రేజరే ఒక మూలపురుషుడు. అయినను ఆనాడు పారవేయవలసినది చిన్న ఉక్కురేకు మాత్రమే. పరికరము నికెలు పూసిన ఇత్తడిది; కొన్నవాని జీవితకాలము నిలిచి, కొడుకునకు మిగిలెడిది. నూరుసంవత్సరముల క్రిందటి రేజరునందును నేడు అంగడిలో దొరకు రెండంచుల బ్లేడు చక్కగా ఇముడును. ఏ సంస్థ చేసిన బ్లేడైనను సరియే. కొలత యొక్కటిగా నిలిచియుండుటచేత కొనువాడు ఎవనికిని బందీ కాలేదు.

దానిని బాగుచేయుట కష్టసాధ్యము కాదు. ఓపికతో కూడిన పని. మొదట బ్లేడును, పదునులేని కొనలయందు పట్టుకొని, తీసివేయవలయును. మూడుముక్కల రేజరైనచో పిడిని త్రిప్పగా పైమూత, క్రిందిపలక, పిడి వేరగును. తిరుగకున్నచో బలముపయోగించరాదు. సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో ఒకపూట నుంచినచో, సబ్బును నీటి సున్నమును కలసి పేరుకొన్న మడ్డి మెత్తబడును. పాత పళ్లకుంచెతో తోమిన వదలును. పట్టకారు వాడక తప్పనిచో నడుమ తోలుముక్క నుంచవలయును. పిడి అడుగును త్రిప్పగా పైరెక్కలు రెండును తెరచుకొను జాతి మరియొకటి కలదు. దాని లోపలి కడ్డీ బిగిసినచో కుట్టుమిషను నూనె రెండుచుక్కలు వేసి ఒకరాత్రి విడువవలయును. ఆ జాతిని పూర్తిగా ఊడదీయుట చేయితిరిగిన పనివానికే తగును.

మన యిల్లాండ్రు ఇత్తడిబిందెను చింతపండుతో తోముదురు. అది బిందెకు మేలు, రేజరుకు కీడు. నికెలుపూత తలవెండ్రుకకన్న పలుచనిది. పులుపున నానినచో చెడును, ఇటుకపొడి రుద్దినచో గీతలుపడును. అమ్మోనియా కలిసిన ద్రవమును అసలే తగిలించరాదు. దీనివెనుక మనదేశపు చరిత్రయే కలదు. బ్రిటిషుసైన్యము వానకాలమున గుఱ్ఱపుసాలలలో దాచిన తూటాల ఇత్తడితొడుగులు కారణము తెలియక పగులుచుండెడివి. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టు అమ్మోనియాయు, లోహమునందు మిగిలిన బిగువును కలసి ఇత్తడిని చీల్చునని శాస్త్రజ్ఞులు 1921లో తేల్చిరి. పాతరేజరుల పలుచని గొట్టపుపిడులు నిలువున చీలియుండుట కలదు. కంసాలి తక్కువవేడితో టంకమువేసి యిట్టి చీలికను అతుకగలడు.

క్రిందపడిన రేజరునకు పలక వంగుట మరియొక వ్యాధి. పలకను గాజుపై బోర్లించినచో వంకర తెలియును. రెండు కొయ్యముక్కల నడుమ మెల్లగా నొక్కిన సరిపడును. బ్లేడంచు ఇరువైపుల సమముగా కనబడవలయును. ఒకవైపు హెచ్చుగా వెలికివచ్చినచో చర్మమును కోయును. చివర స్పిరిటుతో తుడిచి కొత్తబ్లేడు వేసినచో పని ముగిసినది. వాడిన బ్లేడ్లను చెత్తలో వేయక తగరపుడబ్బాలో దాచవలయును; ఆ చెత్త నెత్తు పారిశుద్ధ్యకార్మికుని చేతులును మన చేతులవంటివే.

ఇక నేటి వస్తువును చూడుడు. 1971లో రెండుబ్లేడ్లను ఒకే పెట్టెలో బిగించిన రేజరు అమెరికాలో వచ్చినది. 1975లో పిడితోసహా మొత్తము పారవేయు ప్లాస్టికు రేజరును ఫ్రెంచిసంస్థ యగు బిక్ ప్రవేశపెట్టినది. ఉక్కు, ప్లాస్టికు, రబ్బరు విడదీయరాకుండ కలసిన ఆ ముక్కను విప్పువాడు లేడు. కరగించి మరల వాడుటయు దుర్ఘటము. 2022 జూలై 1 నుండి భారతప్రభుత్వము నిషేధించిన ఒకసారి వాడు ప్లాస్టికు వస్తువుల పట్టికలో గడ్డిగొట్టములు, చెంచాలు, పళ్లెములు కలవు. ఈ రేజరు లేదు. వణకు చేతులు గల వృద్ధులకు కొత్తరకము సుకరమని మేమెరుగుదుము. ఒకరి సౌకర్యమును నిందించుట మా యుద్దేశము కాదు. విప్పరాని వస్తువు తప్ప వేరొకటి దొరకని స్థితినే మేము నిరసించుచున్నాము.

మన మండలముల కీ విషయమున ప్రత్యేకమైన సంబంధము కలదు. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో విజయనగరప్రాంతముననే మొదలైనది. ఉక్కునకు బలమిచ్చు ఆ ఖనిజము ఓడలెక్కి పరదేశపు కొలుములకు పోయినది. మన్ను మనది, కొలిమి వారిది. తిరిగివచ్చిన సరకునకు వెల మరల మనదే. ఇత్తడిపనియా, శ్రీకాకుళము జిల్లా బుడితి గ్రామమున నేటికిని సజీవముగ నున్నది. ఆ కంచు, ఇత్తడి పనితనమునకు భౌగోళికగుర్తింపు కూడ లభించినది. పొందూరున ప్రత్తిని ఏకుటకు వాలుగచేప దవడయెముకయే సాధనము. చేతికందిన వస్తువుతో పనిముట్టు చేసికొని, అరిగినదానిని తామే సరిచేసికొనిన జనులము మనము. ఉక్కు, ప్లాస్టికు సామానుల వెల్లువలో ఆ పనివారికి గిరాకి తగ్గినది. వారి పిల్లలు వలసపోవుచున్నారు. చేయి పోయిన పిదప విద్యను పుస్తకమునుండి తేలేము.

గాంధీమహాత్ముని ప్రిటోరియాలో ఒక ఆంగ్లేయ క్షురకుడు నిరాకరింపగా, ఆయన కత్తెరయంత్రమును కొని అద్దముముందు తన జుట్టును తానే కత్తిరించుకొనెను. కోర్టులో మిత్రులు నవ్విరి. మనమును మన క్షురకులను అస్పృశ్యసోదరులకు పనిచేయనీయముగదా యని తలచి, ఆ క్షురకుని ఆయన తప్పుపట్టలేదు. తన పని తాను చేసికొను శక్తియు, పరుని అవమానింపని బుద్ధియు ఒకే విద్యయొక్క రెండు ముఖములు.

కావున మా సూచనలు మూడు. కొనువారు ఏ వస్తువునైనను కొనుటకు ముందు ఇది విప్పుటకు వచ్చునా, దీని భాగములు దొరకునా అని అడుగవలయును. కేంద్రప్రభుత్వము 2022లో మరమ్మతు హక్కునకై ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరమే జాలకేంద్రమును తెరచినది. ఇది చాలదు, మన రెండుజిల్లాల ఐ.టి.ఐ.లలోను, పాలిటెక్నిక్కులలోను మరమ్మతువిద్య పాఠ్యాంశము కావలయును. మూడవది, బుడితి పనివారిచేత రేజరుపిడులు చేయించు పూనికను చేనేతకు చేయూతనిచ్చునట్లే సహకారసంఘములును, ధనికులును వహించవలయును. దీపపుకుందిని తీర్చు చేతులకు పిడిని తీర్చుట కష్టము కాదు. మరచుట్ల కొలత యొక్కటి సరిపడిన చాలును.

పెట్టెలో పాతరేజరు గలవారు దానిని పారవేయకుడు. ఒక ఆదివారము పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని విప్పుడు. అందేమున్నదో, ఎట్లు కూడియున్నదో వారు చూతురుగాక. విప్పిచూచిన వస్తువు మన వశమగును. విప్పలేని వస్తువునకు మనము వశులమగుదుము.