చుక్క పడితే ఇంజన్ దించాల్సిందేనా?

పత్తి సీజనులో తొర్రూరు దగ్గర ఖమ్మం రోడ్డు మీద కాసేపు నిలబడి చూడండి. రాయపర్తి, వర్ధన్నపేట మీదుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బోరాలెత్తుకొని పోయే పాత డీసీఎంలు ఎన్నో కనిపిస్తాయి. (2016లో మన జిల్లా పేరు మహబూబాబాద్‌గా మారింది గానీ, పత్తి పోయే తోవ మారలేదు.) 1980లలో డీసీఎం కంపెనీ జపాను టయోటాతో కలిసి తెచ్చిన బండి పేరు అది. ఆ బండి తయారీ ఆగి ఏళ్లు గడిచినా, మనవైపు ఆ సైజు లారీ ఏదైనా డీసీఎమ్మే. ఆగిన చోటల్లా నల్లటి మచ్చ వదిలిపోయే బండ్లు వాటిలో తక్కువేం కాదు. ఈ వారం మాట ఆ మచ్చ గురించే.

ఇంజన్ ఆయిల్ కారుతున్నదని తెలిశాక మనవాళ్లు చేసేవి రెండే పనులు. సీటు వెనుక డబ్బా పెట్టుకొని పోసుకుంటూ తిరగడం ఒకటి. షెడ్డుకు తోలి, "ఇంజన్ దించాలె" అనగానే తలూపడం రెండోది. రెండూ తప్పేనని నా అభిప్రాయం. వారానికి లీటరు పోసే రైతు ఏడాదికి 52 లీటర్లు నేలపాలు చేస్తున్నట్టే. ఒక్కరోజు పోయడం మరిచాడా, బేరింగులు పట్టేసి ఇంజనే పోతుంది.

నాకు తెలిసిన ఒక రైతుకు సరిగ్గా పత్తి ఏరే రోజుల్లోనే ఇట్లా అయింది. వెనుక సీలు పోయింది, గేరుబాక్సు దించాలన్నారు షెడ్డులో. క్లచ్ హౌసింగ్ కింద చుక్క పడుతున్నది గనుక వారన్నదీ కాదనలేం. పైసలు చేతిలో లేక ఆయన బండిని ఇంటికి తెచ్చుకున్నాడు. కొడుకు డీజిల్‌తో ఇంజన్ కడిగి చూస్తే టాపెట్ కవరు ప్యాకింగు ఎండి అప్పడంలా విరిగింది. పైన కారిన ఆయిల్ ఇంజన్ వెనుక గోడ మీదుగా జారి కింద చుక్కవుతున్నది. పోయింది ఒక్క ప్యాకింగే!

అందుకే మొదట కడగండి. బండి పూర్తిగా చల్లారాక డీజిల్, బ్రష్షు పట్టండి. ఆ మురికి బాయి దగ్గరో కాలువలోనో పోయనీయకుండా కింద తట్ట పెట్టండి. ఆరినాక అనుమానమున్న చోట ముఖానికి రాసే పౌడరు చల్లి, కాసేపు ఇంజన్ నడిపి, ఆపి చూడండి. పౌడరు ఎక్కడ తడిసిందో అక్కడే లీకు. చుక్క కింద కాదు, అన్నిటికన్నా పైన ఎక్కడ తడి ఉందో అది చూడాలి. బండి నడిచేటప్పుడు గాలి కూడా ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది మరి.

టాపెట్ కవరు, ఫిల్టరు రబ్బరు రింగు, డ్రైన్ నట్టు వాషరు ఇంట్లో మార్చుకోదగినవి. పాత ప్యాకింగు ముక్క ఒక్కటీ లోపల పడకుండా గీకి, శుభ్రంగా తుడిచి కొత్తది వేయాలి. నట్లు అన్నీ సమంగా బిగించాలి, బలం చూపొద్దు. బలంగా బిగిస్తే కవరు వంకరపోయి ఇంకా కారుతుంది. ఈ మధ్య పేస్టు పిచ్చి ఒకటి పట్టుకుంది. అన్నంలో నెయ్యి పోసినట్టు పూస్తున్నారు. ఎక్కువైన పేస్టు లోపలికి ఊడి చాంబర్‌లోని జాలీకి అడ్డం పడితే ఆయిల్ పైకెక్కదు.

బ్రీదర్ పైపు కూడా చూడండి. అది మట్టితో మూసుకుంటే లోపలి గాలి ఎటూ పోలేక మంచి సీలునుంచి కూడా ఆయిల్‌ను నెడుతుంది. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసా కొడుతుంటే మాత్రం రింగులు అరిగినట్టు. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా లాభం లేదు, షెడ్డుకే పోవాలి. వెనుక సీలు నిజంగా పోయినా అంతే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన భారత్ స్టేజ్-6 బండ్ల జోలికి ఇంట్లో పోవద్దు, వాటికి సెన్సార్లు ఎక్కువ.

బండి కిందికి దూరే ముందు చక్రాలకు రాళ్లు, కడ్డీ కింద గట్టి దుంగలు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి పడుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

"చుక్కే కదా, కారనీ" అనే వారికి ఒక్క ప్రశ్న. ఆ చుక్క కాలిన సైలెన్సరు పైపు మీద పడితే? మీ వెనుక ఉన్నది పత్తి, లేదా వరిగడ్డి. పొగ వాసన వచ్చినా, డాష్ మీద ఎర్ర ఆయిల్ బుగ్గ వెలిగినా బండిని వెంటనే పక్కకు ఆపండి. మార్కెట్ ఎంత దగ్గరున్నా సరే.

పని అయ్యాక బండిని చదునైన చోట ఆపి, పది నిమిషాలాగి పుల్ల తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటొద్దు, ఎక్కువైనా కారుతుంది. రాత్రికి ఇంజన్ కింద అట్టముక్క పరవండి. తెల్లారి అది పొడిగా ఉంటే బోరాలు ఎత్తుకోవచ్చు.