జీడిపెంకు లారీని ఆపుతుందా?

పిల్లలూ! పాయసంలో జీడిపప్పు తగిలితే ముందు దాన్నే ఏరుకుని తింటారు కదూ? ఆ పప్పును కప్పి ఉండే పెంకు ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది రోడ్డు మీద ప్రాణాలు కాపాడటానికి పనికివస్తుందంటే నమ్ముతారా?

శ్రీకాకుళం జిల్లాలోని పలాస జీడిపప్పుకు పేరుపడ్డ ఊరు. పలాసకూ సముద్రానికీ మధ్యనున్న ఉద్దానంలో కొబ్బరితోటలూ, జీడితోటలూ ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటి ఎన్నో చెట్లను కూల్చివేసింది. రైతులు మళ్లీ మొక్కలు నాటుకున్నారు. ఆ జీడిపిక్కలను పలాస, కాశీబుగ్గ కార్ఖానాలలో ఉడికించి, కోసి, పప్పు తీస్తారు. పెంకులు గుట్టలుగా మిగులుతాయి.

ఈ పెంకు తమాషా అయినది. దాని లోపల తేనెపట్టులో లాగా చిన్న చిన్న గదులుంటాయి. వాటినిండా ఎర్రటి గోధుమరంగు నూనె ఉంటుంది. పురుగులు కొరకకుండా గింజకు అదే కాపలా! అది ఒంటికి తగిలితే చర్మం పొక్కుతుంది. అందుకే పిక్కలు కోసే ఆడవాళ్లు చేతులకు నూనెగాని, బూడిదగాని రాసుకుంటారు. పూర్వం రజకులు బట్టలకు గుర్తు పెట్టిన నల్లజీడి కూడా ఈ కుటుంబంలోనిదే.

ఇక రోడ్డు సంగతి చూద్దాం. పలాస, టెక్కలి ఊళ్ల పక్కగా 16వ నంబరు జాతీయ రహదారి పోతున్నది. దాని మీద ఒక లారీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకోండి. డ్రైవరు కంటికి ఏదో కనబడాలి. అదేమిటో మనసుకు తెలియాలి. కాలు బ్రేకు మీద పడాలి. దీనికంతా రెండున్నర సెకండ్లు పడుతుందని మన దేశంలో రోడ్లు రూపొందించే ఇంజనీర్లు లెక్క వేస్తారు. ఆ లోపలే లారీ 55 మీటర్లు వచ్చేస్తుంది! బ్రేకు పట్టాక కూడా అది వెంటనే నిలవదు. అందుకే ఈ వేగానికి డ్రైవరుకు ముందున్న రోడ్డు కనీసం 120 మీటర్ల దూరం కనబడాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం పెట్టింది. గంటకు 40 కిలోమీటర్ల వేగానికైతే 45 మీటర్లు చాలు.

వేగం రెండింతలైతే దూరం రెండింతలు కావాలి గదా, అంతకన్న ఎక్కువ ఎందుకయింది? వేగం రెండింతలైతే, బండి కదలికలోని శక్తి నాలుగింతలవుతుంది!

ఆ శక్తి అంతా ఎక్కడికి పోతుంది? మీ అరచేతులు రెండూ గట్టిగా రుద్ది చూడండి. వేడెక్కాయా? బ్రేకులో జరిగేదీ ఇదే. చక్రంతోపాటు తిరిగే ఇనపడ్రమ్మును బ్రేకు లైనింగు ఒత్తుకుంటుంది. రాపిడివల్ల కదలిక వేడిగా మారిపోతుంది. కాని లైనింగు మరీ వేడెక్కితే దాని పట్టు సడలుతుంది. అప్పుడే ప్రమాదం.

ఇక్కడే జీడిపెంకు ఆదుకుంటుంది. అమెరికాలో మార్టిమర్ హార్వే అనే రసాయన శాస్త్రజ్ఞుడు గత శతాబ్దం తొలి భాగంలో జీడిపెంకు నూనె మీద ఎన్నో పరిశోధనలు చేశాడు. ఆ నూనెను కాచి, ఫార్మాల్డిహైడు వంటి రసాయనంతో కలిపి గట్టిపడనిస్తే, వేడికి కరగని పదార్థం తయారవుతుంది. దాన్ని పొడిచేసి లైనింగులో కలుపుతారు. ఈ పొడి బ్రేకు పట్టు ఒకేలా ఉండేట్టు చూస్తుంది, కీచుమనే చప్పుడును తగ్గిస్తుంది.

అయితే పొడి ఎంత కలపాలి? మితిమీరితే, లైనింగు బాగా వేడెక్కినప్పుడు ఆ పొడే మాడి, పట్టు తగ్గుతుంది. అందుకని ప్రయోగశాలలో లైనింగు ముక్కను తిరిగే డ్రమ్ముకు ఒత్తి, వేడి పెంచుతూ, పట్టు ఎంత ఉన్నదీ, ముక్క ఎంత అరిగినదీ కొలుస్తారు. రోడ్డు మీద ప్రాణం మీదికి వచ్చే లోపం అక్కడే బయటపడుతుంది.

అంతేకాదు. ఎండకు పెళుసెక్కిన పాత తారును మళ్లీ మెత్తబరచటానికి ఈ నూనెలోని కార్డనాల్ ఎంతవరకు పనికివస్తుందో కూడా శాస్త్రజ్ఞులు పరీక్షిస్తున్నారు.

ఇప్పుడు మీకొక పని. పెద్దవాళ్లతో కలిసి ఊరి మైదానానికి వెళ్లండి. 60 సెంటీమీటర్ల అంగలైతే 200 అంగలు వేయండి. అదే 120 మీటర్లు. ఆ చివర మీ స్నేహితుణ్ణి నిలబెట్టి ఈ చివరినుంచి చూడండి. ఎంత చిన్నగా కనబడతాడో! అంత దూరంలో లారీ ఉన్నా, "ఇంకా దూరంగానే ఉన్నదిలే" అని రోడ్డుకు అడ్డంగా పరుగెత్తకూడదు. వాన కురిసి రోడ్డు తడిస్తే, అది నిలవటానికి ఆ దూరం కూడా చాలకపోవచ్చు.