ఊరిపేరుపై ఏకహక్కు

చింతపల్లి కొండలనుండి నర్సీపట్నము మీదుగా దిగివచ్చు కాఫీగింజకును, వరాహానదీతీరమందలి ఏటికొప్పాక లక్కబొమ్మకును బజారులో సగము వెల పేరువలననే వచ్చుచున్నది. బొమ్మలకు 2017లోను, అరకులోయ అరబికా కాఫీకి 2019లోను భౌగోళిక గుర్తింపు లభించినది. ఇక భయము లేదని మనవారు నిశ్చింతగా నున్నారు. ఈ నిశ్చింత తగదు.

భౌగోళిక గుర్తింపు ఆ ప్రాంతపు ఉత్పత్తిదారు లెల్లరిది. దాని నమ్ముటకుగాని కుదువపెట్టుటకుగాని వీలులేదు. ట్రేడుమార్కు ఒక్కని సొత్తు. ఒక వర్తకుడు ఊరిపేరునే తన మార్కుగా నమోదు చేయించుకొన్నచో, ఆ యూరి పనివాడు తన సరకుపై దానిని వ్రాయుటకు జంకవలసి వచ్చును. నిజము వ్రాసికొనువానికి చట్టము రక్ష యిచ్చునుగాని, వకీలు నోటీసు చూచి బెదరని పనివా డెందఱుందురు?

ఇట్టి దరఖాస్తు ట్రేడుమార్కుల జర్నలులో ప్రకటితమైన నాలుగు నెలలలోగా ఎవ్వరైనను ఆక్షేపింపవచ్చునని 1999 నాటి చట్టము 21వ సెక్షను చెప్పుచున్నది. గడువు పొడిగింపబడదు. అయితే రోషము రిజిస్ట్రారు కడ చెల్లదు; కారణము చూపవలెను. సరకు మఱియొకచోటిదైనచో పని సులభము: ప్రజలను భ్రమపెట్టు మార్కును 9వ సెక్షను నిషేధించుచున్నది, భౌగోళిక గుర్తింపుల చట్టము 25వ సెక్షనును తోడుపడును. సరకు నిజముగా ఆ యూరిదే యైనప్పుడే చిక్కు. అప్పుడు మోసమను మాట నిలువదు. ఆ పేరు పుట్టినచోటును మాత్రమే తెలుపునుగాని అమ్మువానిని తెలుపదని వాదింపవలెను. 1977లో కలకత్తా హైకోర్టు, అప్పటి చట్టము క్రింద, ‘సిమ్లా’ యను పేరును సిగరెట్లకు మార్కుగా అంగీకరింపలేదు.

దరఖాస్తుదారు ఊరకుండడు. చిరకాల వాడుకచే ఈ పేరు తనదిగానే లోకమెఱుగునని బదులు చెప్పును. అట్టి బదులునకు చట్టమున చోటున్నది. దానిని ఖండించునవి ఉపన్యాసములు గావు, అతని దరఖాస్తుకు పూర్వమే పలువురు ఆ పేరు వాడిరని చూపు పాతబిల్లులు, సంఘముల దస్త్రములు, ప్రదర్శనల కరపత్రములు. బొమ్మలు వేసిన లేబులైనచో, ఊరిపేరుపై ప్రత్యేకహక్కు లేదని 17వ సెక్షను ననుసరించి వ్రాయింపుడని కోరుటయైన చేయవలెను. ప్రతివాది సమాధానము చేరిన రెండునెలలలో సాక్ష్యము దాఖలు కానిచో మన ఆక్షేపణయే విడిచిపెట్టినట్లగును.

జర్నలు ప్రతి సోమవారము ఇంటర్నెట్టులో ఉచితముగా వెలువడుచున్నది. నర్సీపట్నపు పఠనాలయములలో దానిని తిరుగవేయువా రిద్దఱు ముగ్గురైన నుండవలదా? బొమ్మల పనివారును కాఫీరైతులును ఇంటి పెట్టెలలోని పాతబిల్లులను, చెదలు తినకమునుపే, ఇప్పుడే తీసి నకళ్లు చేయించి తమ సంఘములకు అప్పగింతురుగాక.