చార్మినార్‌కు మినార్లెన్ని?

మన దగ్గర పదో తరగతి దాటిన ఏ పిల్లవాణ్నైనా నిలబెట్టి శంకువు ఘనపరిమాణానికి సూత్రం చెప్పమనండి. గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. అదే పిల్లవాడి చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి, ఒక కాగితపు శంకువును కొన నుంచి అంచు దాకా ఒకే గీత వెంట కోసి నేల మీద పరిస్తే ఏ ఆకారం వస్తుందో గీయమనండి. త్రిభుజం గీసి ఇస్తాడు. ఈ ప్రశ్న నేను హాస్టల్లో బి.ఎస్సీ. చదివే మిత్రులనే అడిగాను. చాలామంది గీసింది త్రిభుజమే.

పాతబస్తీలో రేకుల పని చేసే కొట్టు ముందర కాసేపు నిలబడి, గరాటా ఎట్ల చేస్తారో చూడండి. పనివాడు రేకు మీద ఒక మేకు దిగ్గొట్టి, దానికి దారం కట్టి, ఒకే కేంద్రం చుట్టూ రెండు వంపు గీతలు గీస్తాడు. వాటి నడిమి ముక్కను కోసి చుడితే గరాటా. అది వృత్తంలోంచి తీసిన ముక్క గాని త్రిభుజంలోంచి తీసింది గాదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. త్రిభుజం కోస్తే మూతి సమంగా రాదు, రేకు దండుగ అవుతుంది. దర్జీ సంగతీ అంతే. బల్లపరుపు గుడ్డ మీద సుద్దతో గీసి, గుండ్రటి భుజానికి అతికినట్టు కూర్చునే షేర్వాణీ కోస్తాడు. వీళ్ళను మనం చదువురానివాళ్ళ కింద జమకడతాం. సూత్రం వచ్చి ఆకారం రానివాళ్ళను పట్టభద్రులంటాం!

ఘనాకారాల పాఠం మన బడుల్లో చెప్పడం లేదు, అప్పజెప్పించుకుంటున్నారని నా అభిప్రాయం. మేము చదివిన ఎనిమిదో తరగతి గణితంలో ఇందుకోసం ఒక అధ్యాయమే ఉంది. చుక్కల కాగితం మీద ఘనాలు గీయడం, ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి చూస్తే ఏం కనబడుతుందో గీయడం, అట్టపెట్టెను విప్పి వల రూపం చూడడం, అన్నీ ఉన్నాయి. మంచి అధ్యాయం. కాని మా ఊరి చుట్టుపక్కల బడుల్లో చదివినవాళ్ళను ఎవరిని అడిగినా, "సారు దాన్ని ఇంట్లో చదువుకోమన్నాడు" అనే మాటే. పరీక్షలో మార్కులు రాని పాఠానికి పీరియడ్లు ఎవరిస్తారు?

అసలు చిక్కు బోర్డు మీదనే మొదలవుతుంది. సారు ఒక చతురస్రం గీసి, దాని మీద కొంచెం పక్కకు జరిపి ఇంకో చతురస్రం గీసి, మూలలు కలిపి "ఇది సమఘనం" అంటాడు. అంతకుముందు దాకా ఇదే జ్యామితిలో కోణమానిని పెట్టి కొలవమన్నారు గదా! బుద్ధిమంతుడైన పిల్లవాడు ఆ బొమ్మలో పక్క ముఖాన్ని కొలుస్తాడు. ఒక కోణం 45 డిగ్రీలు, ఒకటి 135. "అన్ని ముఖాలూ చతురస్రాలే" అని కింద రాసి ఉంటుంది. ఎవరిని నమ్మాలి? బొమ్మలో కోణం వేరు, వస్తువులో కోణం వేరు, దూరం పోయే అంచును ఏటవాలుగా గీయాలన్నది మనం పెట్టుకున్న ఒప్పందం మాత్రమే అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట చెప్పరు. పైగా అదే బొమ్మను రెప్పవేయకుండా చూస్తుంటే ముందరి ముఖం వెనక్కు, వెనకది ముందుకు తిరగబడుతుంది. స్విట్జర్లాండుకు చెందిన నెకర్ అనే శాస్త్రవేత్త 1832లోనే ఈ సంగతి రాశాడు. శాస్త్రవేత్తకే తిరగబడిన బొమ్మ పిల్లవాడికి తిరగబడితే వాణ్ని మొద్దు అనడం ఎందుకు?

భాష కూడా మనకు సాయం చేయడం లేదు. పుస్తకంలో స్థూపం అంటే డబ్బాలాంటిది. బయట స్థూపం అంటే పిల్లవాడికి తెలిసింది గన్‌పార్కు దగ్గరి అమరవీరుల స్థూపం, లేదా సాంఘికశాస్త్రంలో అమరావతి స్థూపం. అమరావతిది గుండ్రటి అరుగు మీద బోర్లించిన అర్ధగోళం. ఒకే పేరు గణితం పీరియడ్లో ఒక ఆకారం, చరిత్ర పీరియడ్లో ఇంకో ఆకారం! పేరు మార్చమని నేను అనను. రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి తేడా చూపిస్తే, అదే ఒక పాఠం అవుతుంది.

చూపు అన్నాను గనుక చార్మినార్ దగ్గరికే పోదాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడం చతురస్రం మీద లేచింది. ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు, మూలకొక మినార్. ఘనాకారాల పాఠానికి ఇంతకంటే మంచి నమూనా దేశంలో ఎక్కడ దొరుకుతుంది? గుల్జార్ హౌజ్ వైపు నుంచి ఎదురుగా నిలబడి చూడండి. వెనక మినార్లు రెండూ ముందరి వాటికంటే కొంచెం లోపలికి, కొంచెం పొట్టిగా కనబడతాయి. దూరమైనకొద్దీ చిన్నగా కనబడడం కంటికున్న ధర్మం. కాని పుస్తకం అడిగే "ముందు నుంచి చూపు" అది కాదు. అందులో దూరానికి లెక్క లేదు, చూపు గీతలన్నీ సమాంతరాలు. కాబట్టి వెనక మినార్లు ముందరి వాటి చాటున పూర్తిగా దాక్కుంటాయి. బొమ్మలో మిగిలేవి రెండే. చార్మినార్ కాస్తా దోమినార్ అవుతుంది! పక్క నుంచి గీసినా అంతే. పై నుంచి గీస్తే చతురస్రం, నాలుగు మూలల నాలుగు గుండ్రాలు. అందులో నాలుగూ ఉంటాయి గాని ఎత్తు మాయం. ఏ ఒక్క బొమ్మా పూర్తి నిజం చెప్పదు, మూడింటినీ కలిపి మనసులో కట్టడం లేపుకోవాలి. ఈ విద్యను పద్ధతిగా కూర్చినవాడు ఫ్రాన్సు దేశపు గాస్పార్ మోంజ్. 1760ల్లో కోటల నిర్మాణం కోసం ఆయన కనిపెట్టిన ఈ గీతల పద్ధతిని సైనిక రహస్యంగా దాచారు. విప్లవం తర్వాత 1795లో గాని ఆయన దాన్ని బహిరంగంగా బోధించలేకపోయాడు. అక్కడ దాచిపెట్టిన విద్య మన దగ్గర అచ్చయిన పుస్తకంలో ఉండి కూడా అందడం లేదు.

నేను వ్యవసాయం చేసే ఇంట్లోంచి వచ్చినవాణ్ని. మా నాయిన వడ్ల కుప్ప చుట్టూ ఒక్కసారి నడిచి, ఇన్ని బస్తాలు అవుతాయని చెప్తాడు. తూకం వేస్తే నాలుగైదు బస్తాలు అటూ ఇటూ, అంతే. ఇదేదో మాయ అనుకునేవాణ్ని గాని, భాస్కరాచార్యుడి లీలావతి గురించి చదివాక సంగతి తెలిసింది. 1150 నాటి ఆ గ్రంథంలో ధాన్యపు రాశులకు ప్రత్యేకంగా లెక్కలున్నాయి. కుప్ప చుట్టుకొలతలో ఆరో వంతును దానితోనే హెచ్చించి, ఎత్తుతో మళ్ళీ హెచ్చిస్తే ఘనపరిమాణం. ముల్లు ఉన్న ధాన్యానికి ఎత్తు ఎప్పుడూ చుట్టుకొలతలో తొమ్మిదో వంతు, లావు గింజకు పదో వంతు, సన్న గింజకు పదకొండో వంతు అనుకోవాలి. ఏ గింజ కుప్ప పోసినా తన ఏటవాలు తానే చూసుకుంటుంది గనుక, చుట్టూ నడిస్తే చాలు, ఎత్తు కొలవక్కర్లేదు. చుట్టుకొలత 18 మీటర్లనుకోండి. ఆరో వంతు 3, మూడు మూళ్ళు 9, ఎత్తు 2 మీటర్లు, మొత్తం 18 ఘనపు మీటర్లు. మన బడి సూత్రంతో కడితే 17.2. నూటికి ఐదు వంతుల తేడా కూడా లేదు. ఆ వచ్చిన తేడా కూడా వృత్తానికి చుట్టుకొలత వ్యాసానికి మూడింతలని తీసుకోవడం వల్లనే. గోడకు ఆనించి పోసిన కుప్పకు, గది మూలన పోసిన కుప్పకు, గోడ మూల బయట పోసిన కుప్పకు కూడా అందులో దారి చూపించాడు: సగం, పావు, ముప్పావు. ఇది రైతు బిడ్డకు రాకపోవడమేమిటి? శంకువు అంటే ఐస్‌క్రీం కోను, జోకరు టోపీ అని చూపించే పుస్తకంలో వడ్ల కుప్పకు కూడా నాలుగు పేజీలు ఇవ్వరాదా?

బొమ్మలే గదా, రాకపోతే కొంపలు మునుగుతాయా అని ఎవరైనా అడగవచ్చు. కొన్ని మునిగాయి. మా ఊరి నుంచి పాలిటెక్నిక్‌కు పోయిన ఒకడు ఇంజనీరింగ్ డ్రాయింగులో వరసగా రెండుసార్లు తప్పాడు. ఫీజుకు తెచ్చిన అప్పు మిగిలింది. ఇప్పుడు ఊళ్ళోనే కోత మిషను నడుపుతున్నాడు. ఆ మిషన్ని వాడు విప్పి, ఏ ముక్క ఎక్కడిదో చూడకుండానే మళ్ళీ బిగిస్తాడు. ఆకారం వాడి చేతుల్లో ఉంది. కాగితం మీదికి తెచ్చే దారిని ఎనిమిదో తరగతిలో ఎవరూ చూపించలేదు, పాలిటెక్నిక్‌లో వచ్చేసి ఉంటుందనుకున్నారు. మా సైన్సు వాళ్ళ పరిస్థితి కూడా మెరుగేమీ కాదు. మీథేన్ అణువులో నాలుగు హైడ్రోజన్లను కూడిక గుర్తులా గీసి, కోణం 109.5 డిగ్రీలని పక్కన రాస్తాం. 1874లో కర్బనానికి నాలుగు చేతులూ చతుర్ముఖి మూలల వైపు ఉంటాయని చెప్పిన వాంట్ హాఫ్, తోటి రసాయన శాస్త్రవేత్తలకు అట్టముక్కలతో నమూనాలు చేసి పంపాడు. అంత పెద్దవాళ్ళకే చేతితో పట్టుకుని చూసే బొమ్మ అవసరమైంది.

ఇప్పుడు ఫోనులోనే ఘనాన్ని గిరగిర తిప్పి చూపిస్తారు గదా అంటారు. చూశాను, బాగుంటుంది. కాని ఫోను అద్దం కూడా బల్లపరుపే, తిప్పేది ఫోనే. ముల్లంగిని ఘనంగా చెక్కి ఒక మూల కోసిన పిల్లవాడు, ముఖాలు ఆరు ఏడయ్యాయని, మూలలు ఎనిమిది పదయ్యాయని, అంచులు పన్నెండు పదిహేనయ్యాయని వేలు పెట్టి లెక్కిస్తాడు. ముఖాలు, మూలలు కలిపి అంచులు తీసేస్తే అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే. ఆయిలర్ సూత్రం వాడి చేతిలో ఉంటుంది. మిగిలిన ముల్లంగి కూరకు పనికొస్తుంది.

మిత్రులారా! విద్యార్థి సంఘం ముందు ఈ సంవత్సరం నేను పెట్టదలచిన కోరికలు రెండు. పదో తరగతి పరీక్షలో ఘనాకారం బొమ్మకు, మూడు చూపులకు కనీసం నాలుగు మార్కులు కేటాయించాలని విద్యాశాఖకు మహజరు ఇవ్వాలి. స్కేలుతో గీసినా, చేత్తో గీసినా మార్కులు పడాలి. మహజరు మీద సంతకాలు పెట్టి ఊరుకుంటే అది ఫైళ్ళలో నిద్రపోతుందని మనందరికీ తెలుసు. అందుకని రెండో కోరిక: మన దగ్గరి ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలను, తెలుగు మీడియం, ఉర్దూ మీడియం అని చూడకుండా, నెలకో ఆదివారం పొద్దున జనం పలచగా ఉన్నప్పుడే చార్మినార్ దగ్గరికి తీసుకుపోదాం. మనిషికో చుక్కల కాగితం, పెన్సిలు, ఇద్దరికో ముద్ద బంకమట్టి. మట్టి మా ఊరి చెరువు నుంచి నేను తెస్తాను. కాగితాల ఖర్చు సంఘం పెట్టుకోవాలి.